ఆక్స్‌ఫర్డ్ కెల్లాగ్ కాలేజీలో పార్ట్‌టైమ్ పీజీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం మానకుండా ఆక్స్‌ఫర్డ్‌లో పీజీ చేయాలనుకునే తెలుగువాళ్లకి వచ్చే సందేహాలు దాదాపు ఒకటే. కాలేజీ అంటే ఏమిటి, ఈ వయసులో తీసుకుంటారా, వీసా ఎలా, డిగ్రీకి ఇక్కడ విలువ ఉంటుందా అని మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉంటారు. అందుకే అన్నిటినీ ఒకచోట పెట్టాం. దేనికది విడిగా చదువుకోవచ్చు. ఫీజులు, వీసా రుసుములు ఏటా మారతాయి కాబట్టి ఆ అంకెలు ఇవ్వలేదు.

## ముందుగా తెలియాల్సినవి

కెల్లాగ్ కాలేజీ అంటే ఏంటి? మన దగ్గర కాలేజీ లాంటిదేనా?

కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. మన దగ్గర యూనివర్సిటీ పరీక్ష పెడుతుంది, అనుబంధ కాలేజీ పాఠం చెబుతుంది, ఫీజు కూడా అదే వసూలు చేస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో పీజీ విద్యార్థులకి పాఠం చెప్పేది, పరీక్ష పెట్టేది, సీటు ఇవ్వాలా వద్దా తేల్చేది డిపార్ట్‌మెంట్. డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ. కాలేజీ చూసేది మిగతా జీవితం: భోజనం, కామన్ రూమ్, చదువుకునే చోటు, సెమినార్లు, చదువుతో సంబంధం లేని కష్టాల్లో అండ. ప్రతి విద్యార్థికీ ఒక కాలేజీ అడ్వైజర్ ఉంటారు. ఆయన మీ సబ్జెక్టు గైడ్ కాదు. గైడ్‌తో చెప్పుకోలేని విషయాలు చెప్పుకోవడానికే ఆ ఏర్పాటు. ఆక్స్‌ఫర్డ్‌లో ఇలాంటి కాలేజీలు, హాళ్లు నలభైకి పైగా ఉన్నాయి. వాటిలో పార్ట్‌టైమ్ వాళ్లనీ, ఉద్యోగానుభవంతో వచ్చే పెద్దవాళ్లనీ మనసులో పెట్టుకునే పుట్టింది కెల్లాగ్.

కెల్లాగ్ అంటే ఆ కార్న్‌ఫ్లేక్స్ కంపెనీయేనా?

పేరు అక్కడిదే, కాలేజీ మాత్రం కంపెనీది కాదు. కార్న్‌ఫ్లేక్స్ వ్యాపారి విల్ కీత్ కెల్లాగ్ 1930లో అమెరికాలోని మిషిగన్‌లో ఒక దాతృత్వ సంస్థ పెట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో పెద్దవాళ్ల చదువుకి ఆ సంస్థ భారీగా సాయం చేసింది. కాలేజీ 1990లో రూలీ హౌస్ పేరుతో మొదలై, 1994లో కెల్లాగ్ అయింది. దాని వెనక ఇంకా పాత చరిత్ర ఉంది. 1878 నుంచే ఆక్స్‌ఫర్డ్ అధ్యాపకులు ఊరూరా తిరిగి, యూనివర్సిటీ గడప తొక్కలేని వాళ్లకి ఉపన్యాసాలు ఇచ్చేవారు. ఆ పని 1927లో వెలింగ్టన్ స్క్వేర్‌లోని రూలీ హౌస్‌లో స్థిరపడింది. కాలేజీ పుట్టింది ఆ ఇంట్లోనే. ఇప్పుడు ఉన్నది బాన్‌బరీ రోడ్డులో.

దానికి రాయల్ చార్టర్ (రాజు పేరున ఇచ్చే స్థాపన పత్రం) లేదట. అంటే తక్కువ స్థాయి కాలేజీయా?

చార్టర్ లేని మాట నిజమే. ఎక్కువ కాలేజీలు స్వతంత్ర సంస్థలు. కెల్లాగ్, సెయింట్ క్రాస్, రూబెన్ ఈ మూడూ మాత్రం యూనివర్సిటీలో భాగంగానే నడుస్తాయి. ఇది పరిపాలనకి సంబంధించిన తేడా. విద్యార్థి హక్కులు, లైబ్రరీలు, డిగ్రీ అన్నీ మిగతా కాలేజీల వాళ్లకి ఉన్నట్టే ఉంటాయి.

నాకు 46 ఏళ్లు. బీటెక్ అయ్యి ఇరవై ఏళ్లు దాటింది. తీసుకుంటారా?

వయోపరిమితి లేదు. పార్ట్‌టైమ్ కోర్సుల్లో ముప్పైలు, నలభైలు, యాభైల్లో ఉన్నవాళ్లు మామూలే. డిపార్ట్‌మెంట్ చూసేది రెండు విషయాలు: మీకు ఆ స్థాయి చదువుకి సత్తా ఉందా, ఈ కోర్సు ఇప్పుడే ఎందుకు కావాలనుకుంటున్నారు. పాత మార్కులు ఒక మోస్తరుగా ఉన్నా, చేసిన పనిలో లోతు కనిపిస్తే కొన్ని కోర్సుల్లో దాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. ఏ కోర్సుకి ఎంత వెసులుబాటు ఉందో ఆ కోర్సు పేజీలో ప్రవేశార్హతల కింద రాసి ఉంటుంది.

నాకు డిగ్రీ లేదు. ఇప్పుడు డిగ్రీయే చేయాలనుంది. కెల్లాగ్‌లో కుదురుతుందా?

కుదరదు, అది పీజీ వాళ్లకి మాత్రమే. 21 దాటాక డిగ్రీ చేయాలనుకునే వాళ్లకి ఆక్స్‌ఫర్డ్‌లో హారిస్ మాంచెస్టర్ కాలేజీ ఉంది. కేంబ్రిడ్జ్‌లో అయితే హ్యూస్ హాల్, సెయింట్ ఎడ్మండ్స్, వుల్ఫ్‌సన్ చూడండి. లండన్‌లో ఉంటూ పగలు పని, సాయంత్రం చదువు కావాలంటే బర్క్‌బెక్. 1823 నుంచీ పనిచేసుకునే వాళ్ల కోసమే నడుస్తోంది.

పార్ట్‌టైమ్ అంటే ఆన్‌లైనా?

కాదు. ఎక్కువ కోర్సుల్లో కొన్ని రోజులు ఆక్స్‌ఫర్డ్‌లో కూర్చుని చదవాలి, మిగతాది ఇంటి దగ్గర. ఉదాహరణకి పార్ట్‌టైమ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఎమ్మెస్సీలో పది మాడ్యూళ్లు (విడివిడి పాఠ్యభాగాలు), ఒక ప్రాజెక్టు, డిసర్టేషన్ (పెద్ద పరిశోధన వ్యాసం) ఉంటాయి. ఒక్కో మాడ్యూల్‌కి ముందు కొంత చదువు, తర్వాత సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక వారం క్లాసులు, ఆపైన అసైన్‌మెంట్ రాయడానికి ఆరు వారాలు. మొత్తం నాలుగేళ్లలోపు ముగించాలి. క్రియేటివ్ రైటింగ్ లాంటివి రెండేళ్ల కోర్సులు, మధ్యమధ్యలో కొన్ని రోజుల బసలు. పార్ట్‌టైమ్ డీఫిల్, అంటే పీహెచ్‌డీ, ఆరు నుంచి ఎనిమిదేళ్లు పడుతుంది, ఏటా కనీసం ముప్పై రోజులు అక్కడ గడపాలి.

## దరఖాస్తు వేసేటప్పుడు

కెల్లాగ్‌కి విడిగా అప్లై చేయాలా?

అవసరం లేదు. యూనివర్సిటీ దరఖాస్తు ఒక్కటే. అందులో కాలేజీ ప్రాధాన్యం అనే గడిలో కెల్లాగ్ అని పెట్టొచ్చు, లేదా ఏదైనా పర్లేదని వదిలేయొచ్చు. ఏది పెట్టినా డిపార్ట్‌మెంట్ నిర్ణయం మారదు. సీటు వచ్చాక, మీరు అడిగిన కాలేజీలో ఖాళీ లేకపోతే యూనివర్సిటీయే ఇంకో కాలేజీ చూపిస్తుంది. కాలేజీ దొరక్క సీటు పోవడం ఉండదు. అన్ని కాలేజీలూ అన్ని కోర్సులనీ తీసుకోవు కాబట్టి, మీ కోర్సుకి ఏవి ఉన్నాయో కోర్సు పేజీలో చూసి పెట్టండి.

గడువు మధ్యాహ్నం పన్నెండు అని ఉంది. మన టైమ్‌లో ఎప్పుడు?

అది బ్రిటన్ మధ్యాహ్నం. దరఖాస్తుల గడువులు ఎక్కువగా డిసెంబర్, జనవరిలో పడతాయి. అప్పుడు మనకి సాయంత్రం 5:30. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం దాకా వాళ్లు గడియారం గంట ముందుకి జరుపుకుంటారు, అప్పుడైతే మనకి 4:30. ఇదే లెక్క రేపు అసైన్‌మెంట్లకీ వస్తుంది. శీతాకాలపు 5:30కి అలవాటుపడి ఏప్రిల్‌లో గంట ఆలస్యంగా అప్‌లోడ్ చేసేవాళ్లు ఉంటారు. ఫోన్ క్యాలెండర్‌లో గడువుని లండన్ టైమ్‌జోన్‌తోనే ఎక్కించుకోండి.

మా ప్రొఫెసర్లు రిటైరైపోయారు. రిఫరెన్స్ ఎవరితో ఇప్పించుకోవాలి?

సాధారణంగా ముగ్గురు కావాలి. చదువు మానేసి చాలా ఏళ్లయిన వాళ్ల విషయంలో చాలా కోర్సులు ఉద్యోగం తరఫు రిఫరెన్సుని ఒప్పుకుంటాయి, కానీ కనీసం ఒకటైనా చదువు వైపు నుంచి ఉంటే బలం. మీ పని రోజూ దగ్గరగా చూసిన మేనేజర్ రాసిన పేజీ, మిమ్మల్ని రెండుసార్లు కలిసిన పెద్ద హోదా మనిషి రాసిన పేజీ కన్నా ఎన్నో రెట్లు మేలు. ఇంకో మాట. రిఫరెన్స్ లింకు నేరుగా వాళ్ల ఈమెయిల్‌కే వెళ్తుంది, దరఖాస్తు గడువులోపు వాళ్లూ పంపేయాలి. లింకు చాలాసార్లు స్పామ్‌లో పడుతుంది. ఆరు వారాల ముందే అడిగి, పది రోజుల ముందు ఫోన్ చేసి గుర్తుచేయండి.

పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, టెన్త్ మెమోలో ఇనీషియల్ మాత్రమే ఉంది. ఇబ్బందా?

మన పేర్లతో ఎక్కువగా వచ్చే చిక్కు ఇదే. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో దరఖాస్తులో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. వీసా, యూనివర్సిటీ కార్డు, చివరికి డిగ్రీ పట్టా అన్నీ ఆ రికార్డునే పట్టుకుని వస్తాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే గడిలో ఉంటే, దరఖాస్తు వేయకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోవడం మంచిది. డిగ్రీ మెమోల్లో ఇనీషియల్ ఉంటే, ఇద్దరూ ఒకరే అని నోటరీ అఫిడవిట్ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. అడగకపోవచ్చు, కానీ అడిగిన రోజున రెండు రోజుల్లో తెచ్చుకునే కాగితం కాదది.

ట్రాన్స్‌క్రిప్ట్స్ కోసం యూనివర్సిటీ చుట్టూ తిరగాలా?

దరఖాస్తు దశలో కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో, ఒరిజినల్ డిగ్రీ స్పష్టంగా స్కాన్ చేసి పెడితే సాధారణంగా సరిపోతుంది. మెమో వెనకవైపు గ్రేడింగ్ వివరణ ఉంటే అదీ స్కాన్ చేయండి, అది లేకపోతే మీ మార్కుల అర్థం అక్కడ చదివేవాళ్లకి తెలియదు. ఒరిజినల్ డిగ్రీ ఇంకా తీసుకోని వాళ్లు చాలామంది ఉంటారు, ప్రొవిజనల్‌తోనే ఇన్నేళ్లు గడిపేసి ఉంటారు. ఆఫర్ వచ్చాక ఒరిజినల్ అడుగుతారు కాబట్టి ఇప్పుడే అప్లై చేసి తెచ్చుకోండి.

ఇంగ్లిష్ మీడియంలోనే చదివాను. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష రాయాలా?

రాయాల్సి వస్తుందనే అనుకుని బయల్దేరండి. మినహాయింపు అడగొచ్చు గానీ దానంతటది రాదు. కోర్సుని బట్టి రెండు స్థాయిలు ఉన్నాయి. ఒకటి మొత్తం 7.0, ఏ విభాగంలోనూ 6.5కి తగ్గకూడదు. రెండోది మొత్తం 7.5, ఏ విభాగంలోనూ 7.0కి తగ్గకూడదు. మనవాళ్లకి ఎక్కువగా తగ్గేది రైటింగ్‌లో. ఆఫీసు ఈమెయిళ్ల ఇంగ్లిష్‌కి అలవాటుపడ్డ చేయి వ్యాసం రాయడానికి మొరాయిస్తుంది. కనీసం నెల రోజులు రోజుకొక వ్యాసం గడియారం పెట్టుకుని రాయండి. స్కోరు రెండేళ్లే చెల్లుతుంది.

## డబ్బు

కాలేజీ ఫీజు వేరే కట్టాలా?

వేరే లేదు. కోర్సు ఫీజులోనే యూనివర్సిటీది, కాలేజీది రెండూ కలిసి ఉంటాయి. విడిగా పడేవి విమాన ఛార్జీలు, ఆక్స్‌ఫర్డ్‌లో బస, భోజనం, వీసా, ఇన్సూరెన్స్. పార్ట్‌టైమ్ వాళ్ల బడ్జెట్ తప్పేది ఫీజు దగ్గర కాదు, ఈ ప్రయాణాల దగ్గర. ఎన్నిసార్లు రావాలో కోర్సు పేజీలో చూసి, ఒక్కో రాకపోకకి అయ్యే ఖర్చుని ఆ సంఖ్యతో గుణించి, ఫీజుకి కలిపాకే నిర్ణయం తీసుకోండి. ఫీజు ఏటేటా పెరుగుతుంది, అదీ లెక్కలో ఉండాలి.

పార్ట్‌టైమ్‌కి స్కాలర్‌షిప్ వస్తుందా?

తక్కువ. చీవ్‌నింగ్, రోడ్స్ లాంటి పెద్దవి ఫుల్‌టైమ్ వాళ్లకే. క్లారెండన్ స్కాలర్‌షిప్ మాత్రం పార్ట్‌టైమ్ వాళ్లకీ ఉంది. దానికి విడిగా దరఖాస్తు అక్కర్లేదు, డిసెంబర్ లేదా జనవరి గడువులో మీ కోర్సుకి ఏది వర్తిస్తే ఆ లోపు అప్లై చేస్తే మిమ్మల్నీ పరిశీలిస్తారు. గడువు దాటాక ఖాళీలు ఉన్నాయని చేరే వాళ్లకి ఆ అవకాశం ఉండదు. రెండు తెలుగు రాష్ట్రాల విదేశీ విద్యా పథకాల మీద ఆధారపడాలనుకుంటే, ఆ ఏడాది నోటిఫికేషన్‌లో పార్ట్‌టైమ్ కోర్సులు చెల్లుతాయని రాతపూర్వకంగా కనిపిస్తేనే నమ్మండి.

ఇండియా నుంచి ఫీజు పంపితే ట్యాక్స్ పడుతుందా?

ఆర్బీఐ ఉదారీకృత చెల్లింపు పథకం కింద ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. ఆర్థిక సంవత్సరంలో పంపినది పది లక్షల రూపాయలు దాటితే, దాటిన మొత్తం మీద బ్యాంకు టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. అది అదనపు పన్ను కాదు, ఐటీ రిటర్నులో సర్దుబాటు అవుతుంది. బ్యాంకు విద్యా రుణంతో కట్టే ఫీజుకి టీసీఎస్ ఉండదు. రుణం విషయంలో ఒక చిక్కు ఉంది: కొన్ని బ్యాంకుల నిబంధనలు ఫుల్‌టైమ్ కోర్సులకే పరిమితం. ఆఫర్ లెటర్ చూపించి, పార్ట్‌టైమ్ అని స్పష్టంగా చెప్పి, మంజూరు కాగితం చేతికొచ్చాకే సీటు ఒప్పుకోండి.

## వీసా, ప్రయాణం

స్టూడెంట్ వీసా ఇస్తారా?

అప్పుడప్పుడు వారం రోజులు వచ్చి వెళ్లే కోర్సులకి సాధారణంగా స్టాండర్డ్ విజిటర్ వీసా మీదే వస్తారు. గుర్తింపు ఉన్న విద్యాసంస్థలో ఆరు నెలల లోపు చదువుకి అది చెల్లుతుంది. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. హైదరాబాద్ కేంద్రంలో వేలిముద్రలు ఇచ్చాక మామూలుగా మూడు వారాలు పడుతుంది. కోర్సు వాళ్ల దగ్గర మీ పేరు, మాడ్యూల్ తేదీలు, ఆ తర్వాత మీరు తిరిగి వెళ్తారన్న సంగతి ఉన్న లెటర్ తీసుకోండి. మీ ఆఫీసు నుంచి సెలవు మంజూరు లెటర్, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయండి. వీసాకి ముందు ఖాతాలో ఒక్కసారిగా పెద్ద మొత్తం పడితే అది ఎక్కడిదో కాగితం చూపించాలి. అది చూపించలేకే చాలా దరఖాస్తులు తిరస్కరణకి గురవుతాయి.

ప్రతి మాడ్యూల్‌కీ కొత్త వీసానా?

అక్కర్లేదు. రెండేళ్లు, అయిదేళ్లు, పదేళ్ల విజిటర్ వీసాలు ఉన్నాయి, ఎన్నిసార్లయినా రావొచ్చు. ఒక్కో రాకలో ఆరు నెలలకి మించి ఉండకూడదు. నాలుగేళ్ల కోర్సుకి అయిదేళ్లది తీసుకోవడం అనువు, అయితే ఖరీదు ఎక్కువ, తిరస్కరిస్తే ఆ రుసుము వెనక్కి రాదు. మొదటిసారి వెళ్లేవాళ్లు ముందు ఆరు నెలలది తీసుకుని, ఒకసారి సజావుగా వెళ్లొచ్చాక దీర్ఘకాలానిది అడగడం మేలని మా అభిప్రాయం.

క్లాసులు అయ్యాక సాయంత్రం హైదరాబాద్ ఆఫీసు పని చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. 2024 జనవరి 31 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, రాకకి ప్రధాన కారణం అది కానంతవరకు విజిటర్లు తమ దేశంలోని ఉద్యోగం పని రిమోట్‌గా చేసుకోవచ్చు. బ్రిటన్ కంపెనీకి పనిచేయడం మాత్రం నిషిద్ధం, గంటసేపైనా సరే. అయితే మాడ్యూల్ వారంలో పగలంతా క్లాసు, రాత్రి చదవాల్సినది ఉంటుంది. ఆ అయిదు రోజులూ ఆఫీసుకి పూర్తి సెలవే పెట్టండి.

హీత్రూ నుంచి ఎలా వెళ్లాలి? ఎక్కడ ఉండాలి?

హీత్రూ నుంచి ఆక్స్‌ఫర్డ్‌కి నేరుగా ఎయిర్‌లైన్ అనే కోచ్ ఉంది. రాత్రింబవళ్లు తిరుగుతుంది, గంటన్నర ప్రయాణం, గ్లౌస్టర్ గ్రీన్‌లో దిగాలి. అక్కడి నుంచి వెలింగ్టన్ స్క్వేర్ నడిచేంత దగ్గర. బాన్‌బరీ రోడ్డులోని కాలేజీకి పెట్టె లాక్కుంటూ ఇరవై నిమిషాలు. బసకి ముందు కోర్సు ఆఫీసునీ, తర్వాత కాలేజీనీ అడగండి. రూలీ హౌస్‌లో గదులు ఉన్నాయి, అవి త్వరగా నిండిపోతాయి. సెలవుల్లో ఇతర కాలేజీల విద్యార్థి గదులూ అద్దెకి దొరుకుతాయి. సోమవారం క్లాసైతే శనివారానికే చేరుకోండి. ఆదివారం రాత్రి దిగిన మనిషికి మంగళవారం దాకా తల పనిచేయదు. విజిటర్లకి అక్కడి ప్రభుత్వ ఆసుపత్రి చికిత్స చాలావరకు ఉచితం కాదు, ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా బయల్దేరవద్దు.

## చేరాక

నెలకోసారి కూడా వెళ్లని నాకు కాలేజీతో ఏం పని?

కెల్లాగ్‌ని ఎంచుకోవడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. చాలా పాత కాలేజీల్లో అధ్యాపకులు వేదిక మీద ఎత్తయిన బల్ల దగ్గర, విద్యార్థులు కింద కూర్చుని తింటారు. కెల్లాగ్‌లో ఆ బల్లే లేదు. ప్రొఫెసర్, డాక్టర్, నిన్ననే చేరిన విద్యార్థి ఒకే వరసలో కూర్చుంటారు, కామన్ రూమ్ కూడా అందరికీ ఒకటే. పార్ట్‌టైమ్ వాళ్లే ఎక్కువగా ఉండే చోటు కాబట్టి, వారం రోజులకి వచ్చి వెళ్లే మనిషిని పరాయివాడిలా చూడరు. మీ మాడ్యూల్ తేదీలు తెలియగానే ఆ వారంలో ఉన్న విందుకి పేరు ఇవ్వండి, శాకాహారమైతే బుకింగ్‌లోనే రాయండి. అక్కడికి వెళ్లాక అడిగితే దొరకదు.

మెట్రిక్యులేషన్ అంటే ఏంటి? తప్పనిసరా?

మన టెన్త్ కాదు. యూనివర్సిటీ సభ్యుడిగా మిమ్మల్ని లాంఛనంగా చేర్చుకునే వేడుక, షెల్డోనియన్ థియేటర్‌లో జరుగుతుంది. డిగ్రీ ఇచ్చే ఏ కోర్సులో చేరినా, పీజీ అయినా సరే, అది పూర్తికావాలి. ముదురు రంగు సూటు లేదా స్కర్టు, తెల్ల చొక్కా, టై లేదా రిబ్బన్, పైన గౌను వేసుకోవాలి. గౌను కొనేటప్పుడు పీజీ వాళ్లదని చెప్పి తీసుకోండి, డిగ్రీ విద్యార్థులది వేరుగా ఉంటుంది. ఆ తేదీకి రాలేకపోతే చేరిన వారంలోనే కాలేజీ ఆఫీసుకి ఈమెయిల్ రాయండి.

ఇంటి దగ్గర నుంచి లైబ్రరీ వాడుకోవచ్చా?

యూనివర్సిటీ లాగిన్‌తో జర్నళ్లు, ఈ-పుస్తకాలు చాలావరకు ఇంట్లోనే చదవొచ్చు. సోలో అనే కేటలాగ్‌లో వెతకాలి. లాగిన్‌కి ఫోన్‌లో రెండో ధృవీకరణ అడుగుతుంది. పాత ఫోన్ అమ్మేసి, కొత్తదాంట్లో ఆథెంటికేటర్ ఎక్కించుకోక, గడువు రోజున లాగిన్ కాలేక ఇబ్బంది పడేవాళ్లు ఉన్నారు. మొదటి రోజే రెండు పద్ధతులు నమోదు చేసుకోండి. ఇంటి నుంచి దొరకని పుస్తకాల పని మాడ్యూల్ వారం కోసం దాచుకోండి: యూనివర్సిటీ ప్రధాన లైబ్రరీ బోడ్లియన్‌లో మాత్రమే చూడగలిగేవి ముందే జాబితా రాసుకుని వెళ్తే ఒక్క సాయంత్రంలో పని తెములుతుంది.

వారానికి ఎన్ని గంటలు పెట్టాలి?

పన్నెండు నుంచి పదిహేను గంటలకి తగ్గితే కష్టం. శని, ఆదివారాల్లో మొత్తం కుక్కేద్దామనే పథకం నిలవదు. పెళ్లిళ్లు, పండగలు, పిల్లల పరీక్షలు అన్నీ ఆ రెండు రోజుల మీదే పడతాయి. తెల్లవారుజామున రోజుకి గంటన్నర పెట్టేవాళ్లే ఎక్కువగా ఒడ్డున పడతారు.

ఇంట్లో ఆపద వచ్చింది, లేదా ఆఫీసులో ఊపిరాడటం లేదు. మధ్యలో ఆపొచ్చా?

ఆపొచ్చు. అనారోగ్యం, కుటుంబ బాధ్యతల్లాంటి కారణాలతో చదువుని తాత్కాలికంగా నిలిపి, మళ్లీ కొనసాగించే వీలుంది. ఒక అసైన్‌మెంట్‌కే సమయం కావాలంటే గడువు పొడిగింపు అడగాలి. రెండిటికీ ఒకటే సూత్రం: గడువు దాటకముందే అడగాలి, డాక్టర్ లెటర్ లాంటి ఆధారం దగ్గర ఉంచుకోవాలి. మనవాళ్లు మొహమాటపడి చివరిదాకా చెప్పరు. కాలేజీ అడ్వైజర్ ఉన్నదే ఇలాంటి సమయానికి, రెండు వాక్యాల ఈమెయిల్ చాలు.

## డిగ్రీ వచ్చాక

పార్ట్‌టైమ్ డిగ్రీతో పోస్ట్ స్టడీ వర్క్ వీసా వస్తుందా?

రాదు. గ్రాడ్యుయేట్ రూట్ అనే ఆ వీసా, స్టూడెంట్ వీసా మీద బ్రిటన్‌లో ఫుల్‌టైమ్ చదివిన వాళ్లకే. విజిటర్‌గా వచ్చి చదివిన వాళ్లకి వర్తించదు. అక్కడ స్థిరపడటమే లక్ష్యమైతే ఈ దారి మీది కాదు, ఫుల్‌టైమ్ కోర్సు చూసుకోండి. వస్తుందని ఏ కన్సల్టెన్సీ అయినా చెబితే అక్కడ డబ్బు కట్టవద్దు.

ఇండియాలో ఈ డిగ్రీ చెల్లుతుందా?

ప్రైవేటు ఉద్యోగాల్లో పేరు చాలు. ప్రభుత్వ ఉద్యోగం, లెక్చరర్ పోస్టు, ఇక్కడ పీహెచ్‌డీ ప్రవేశం కావాలంటే మాత్రం జాగ్రత్త. విదేశీ డిగ్రీల సమానత్వంపై యూజీసీ 2025లో తెచ్చిన నిబంధనలు ఆన్‌లైన్, దూరవిద్యలో కాకుండా క్రమంగా తరగతి గదిలో చదివి ఉండాలని అడుగుతున్నాయి. ఎక్కువ భాగం ఇంటి దగ్గరే సాగే కోర్సుని ఎలా చూస్తారన్నది మీ కాగితాల మీద ఆధారపడుతుంది. మాడ్యూల్ హాజరు లెటర్లు, పాస్‌పోర్టు స్టాంపులు, బోర్డింగ్ పాసులు మొదటి రోజు నుంచీ ఫైలు చేసుకోండి. సమానత్వ పత్రం తప్పనిసరి అయ్యే ఉద్యోగమే మీ గమ్యమైతే, చేరకముందే యూజీసీకి కోర్సు వివరాలతో రాసి జవాబు తీసుకోండి.

పట్టా తీసుకోవడానికి మళ్లీ ఆక్స్‌ఫర్డ్ వెళ్లాలా?

వెళ్లకుండానే తీసుకోవచ్చు, గైర్హాజరులో ఇచ్చే ఏర్పాటు ఉంది. వెళ్లాలనుకుంటే బుకింగ్ కాలేజీ ద్వారా జరుగుతుంది. తేదీలు త్వరగా నిండుతాయి, అతిథుల టికెట్లు కొద్దిగానే ఇస్తారు. అమ్మానాన్నల్ని తీసుకెళ్లే ఆలోచన ఉంటే టికెట్లు ఖాయమయ్యాకే వాళ్ల వీసాకి అప్లై చేయండి. ఇండియాలో ఎవరైనా అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే అధికారిక ధృవీకరణ ముద్ర) చేసిన పట్టా అడిగితే అది బ్రిటన్ విదేశాంగ శాఖ చేసిపెడుతుంది, పోస్టులో పంపించీ చేయించుకోవచ్చు.